ఒక్క మెతుకు పట్టి చూడరా?

నా ఫోన్‌లో ఒక లిస్టు ఉంది. రాబోయే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సీరీస్‌ల పేర్లు. పదేళ్లకు పైగా రాస్తున్నాను. ఫలానా నవలనో కామిక్‌నో టీవీకి తీస్తున్నారని వార్త వస్తే చాలు, పేరు, తేదీ, ఏ సంస్థ తీస్తోందో ఎక్కించేస్తాను. విడుదలైతే టిక్కు, ఆగిపోతే కొట్టివేత. ఈమధ్య ఒక రాత్రి నిద్ర పట్టక మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాను. టిక్కుల కంటే కొట్టివేతలే ఎక్కువ. వస్తాయనీ రావనీ ఎవరూ చెప్పకుండా వదిలేసినవి ఆ రెండిటి కంటే ఎక్కువ. మా తమ్ముడు ఒకసారి చూసి, "అక్కా, ఇది లిస్టా, సంతాపాల రిజిస్టరా?" అన్నాడు.

వాడికి అప్పుడు కోపంగా ఏదో సమాధానం చెప్పాను. తర్వాత ఆలోచిస్తే వాడన్నది నిజమే. కాకపోతే తప్పు లిస్టుది కాదు. "ఇన్ డెవలప్‌మెంట్" అనే మాటని నేను అర్థం చేసుకున్న తీరుది.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడో సెట్లు వేస్తున్నట్టూ, కత్తులకు సాన పడుతున్నట్టూ ఊహ వచ్చేది. చాలాసార్లు అక్కడ ఉండేది ఒక కాగితం మాత్రమే. ఒక నవల హక్కులను కొంతకాలం తన దగ్గర అట్టే పెట్టుకోవడానికి నిర్మాత రచయితకు కొంత సొమ్ము ఇస్తాడు. దాన్ని ఆప్షన్ అంటారు. పూర్తి హక్కుల ధరలో అది చిన్న ముక్క. గడువులోగా తీయగలిగితే మిగతాది ఇచ్చి కొంటాడు, లేకపోతే గడువు పొడిగించుకుంటాడు, అదీ కాకపోతే వదిలేస్తాడు. ఈ లోపల ఒక రచయితను పెట్టి స్క్రిప్టు రాయించవచ్చు, రాయించకపోవచ్చు. బయటి ప్రపంచానికి మాత్రం అన్నీ ఒకే హెడ్‌లైన్: "త్వరలో సీరీస్‌గా". ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత బహుశా ఇలాంటి ప్రెస్ నోట్ల కోసమే పుట్టి ఉంటుంది.

హక్కుల గడువు ఎంత పని చేయించగలదో చూడాలంటే 'వీల్ ఆఫ్ టైమ్' అనే ఫాంటసీ నవల సంగతి ఒక్కటి చాలు. 2015 ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, అమెరికాలో ఎఫ్ఎక్స్ఎక్స్ అనే ఛానల్‌లో అరగంట కార్యక్రమం ఒకటి వచ్చింది. ముందస్తు ప్రచారం లేదు. డబ్బు కట్టి కొనుక్కున్న టైమ్ స్లాట్. పేరు 'వింటర్ డ్రాగన్'. పద్నాలుగు భాగాల మహా నవలకు ముందుమాటగా ఉన్న చిన్న ఘట్టాన్ని ఇద్దరు నటులతో తీసేశారు. మరో రెండు మూడు రోజుల్లో హక్కుల గడువు తీరిపోతుందనగా ఇది ప్రసారమైంది. రచయిత రాబర్ట్ జోర్డన్ అప్పటికి లేరు. ఆయన భార్య, ఆ నవలల ఎడిటర్ కూడా అయిన హారియెట్ మెక్‌డూగల్ తనకు దీని గురించి ఏమీ తెలియదని ప్రకటించారు. కోర్టు దాకా వెళ్లింది, తర్వాత సర్దుబాటైంది. అసలు సీరీస్‌కి అమెజాన్ 2018లో పచ్చజెండా ఊపింది, 2021 నవంబరులో వచ్చింది, మూడు సీజన్లు నడిచి 2025 మేలో ఆగిపోయింది. మూడో సీజన్ నాకు బాగా నచ్చింది, అందుకే ఆ కొట్టివేత కొట్టడానికి రెండు వారాలు తాత్సారం చేశాను.

ఆ అర్ధరాత్రి అరగంట చూసేవాళ్ల కోసం తీసింది కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రకటనల్లో చాలా భాగం కూడా అంతే. అవి వాటాదారుల కోసం, పోటీ సంస్థల కోసం, "ఈ పుస్తకం మాది, మీరు చెయ్యి పెట్టకండి" అని చెప్పడం కోసం. మనం పక్కింటి పెళ్లిమాటలు గోడకు చెవి పెట్టి విని ముహూర్తాలు లెక్కపెట్టుకునే రకం.

సరే, ఇంతవరకూ చెప్పింది నా అమాయకత్వం. అసలు ఫిర్యాదు వేరే ఉంది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా కుమ్మరించక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. టీవీ వాళ్ల దగ్గర దశాబ్దాల పాటు ఆ మెతుకు ఉండేది. పైలట్. ఒక్క ఎపిసోడ్ తీసి చూసుకునేవారు. బాగుంటే మిగతావి, లేకపోతే లేదు. ఇప్పుడు పెద్ద సీరీస్‌లలో చాలావాటికి ఈ మెట్టే లేదు. స్క్రిప్టు నుంచి నేరుగా ఎనిమిది, పది ఎపిసోడ్ల ఆర్డరు. 2011లో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్'ను పైలట్ అడక్కుండానే ఏకంగా 26 ఎపిసోడ్లకు కొనుక్కున్నప్పుడు అందరూ ధైర్యం అన్నారు. తర్వాత అది అలవాటైంది. పోలీసు కథకో కుటుంబ కథకో ఈ పద్ధతి సరిపోతే సరిపోవచ్చు. ఫాంటసీకీ సైన్స్ ఫిక్షన్‌కీ మాత్రం ఇది చేటు చేసిందని నా వాదన. పైలట్ అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉన్న కథలకే పైలట్ లేకుండా పోయింది.

ఎందుకంటే ఆసుపత్రి కథలో డాక్టరు ఎవరో, పేషెంటు ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త లోకం కట్టేవాడికి ఆ సుఖం లేదు. అక్కడ రాజు ఎవరు, మంత్రం ఎలా పని చేస్తుంది, ఆకాశంలో ఇద్దరు చంద్రులు ఎందుకున్నారు, ఇవన్నీ మొదటి గంటలో కథ ఆగకుండా చెప్పాలి. ఆ లోకంలో ఏళ్ల తరబడి కాపురం ఉన్న రచయితకు చూసేవాడికి ఏం తెలియదో తెలియదు. అది కాగితం మీద కనిపించే లోపం కాదు. తీసి, కొత్తవాళ్లని కూర్చోబెట్టి చూపిస్తేనే బయటపడుతుంది.

'గేమ్ ఆఫ్ త్రోన్స్' మొదటి పైలట్ 2009లో తీశారు. దర్శకుడు టామ్ మెకార్తీ. నిర్మాతలు బెనియాఫ్, వైస్ దాన్ని తమకు తెలిసిన రచయితలకు చూపించారు. చూసినవాళ్లకు, రహస్యంగా ప్రేమించుకునే జేమీ, సెర్సీ తోబుట్టువులని అర్థం కాలేదు! పుస్తకం చదివినవాళ్లకు తెలుసు, మొత్తం కథకు మొదటి నిప్పు ఆ విషయమే. కిటికీలోంచి పిల్లవాణ్ని తోసేయడం ఎందుకో తెలియాలంటే ఆ చుట్టరికం తెలియాలి. దాన్ని చెప్పడమే మర్చిపోయారు. స్క్రిప్టు ఎందరు చదివి ఉంటారో, ఒక్కరి కంటికీ ఆనలేదు. దాన్ని తీయించిన అమెరికా ఛానల్ హెచ్‌బీవో ఆ పైలట్‌ను మూలన పడేయకుండా దాదాపు మొత్తం మళ్లీ తీయించింది. డనేరిస్ మారింది, కాట్లిన్ మారింది. 2011 ఏప్రిల్‌లో జనం చూసింది ఆ రెండో ప్రయత్నం. ఇదే ఇప్పటి పద్ధతిలో అయితే ఆ తప్పు పది ఎపిసోడ్లలోనూ పాకిపోయి, చూసినవాళ్లు "ఏమిటో, అర్థం కాలేదు" అని వదిలేసి, నా లిస్టులో ఇంకో కొట్టివేత అయ్యేది.

ఇంకా వెనక్కి వెళ్తే అంతరిక్ష నౌక కథ 'స్టార్ ట్రెక్'. 1964లో తీసిన మొదటి పైలట్ 'ది కేజ్'ను ఎన్‌బీసీ ఛానల్ తిప్పి కొట్టింది. కానీ పూర్తిగా తలుపు వేయలేదు, ఇంకొకటి తీసి చూపించమంది. అప్పట్లో అది అరుదు. రెండో పైలట్‌కి కెప్టెన్ మారాడు, పాత్రల్లో మిగిలింది స్పాక్ ఒక్కడే. 1966 సెప్టెంబరులో షో మొదలైంది. తిరస్కరించిన పైలట్‌ను కూడా వాళ్లు వృథా పోనివ్వలేదు. అదే ఏడాది రెండు భాగాల ఎపిసోడ్‌లో ఆ పాత దృశ్యాలను గతంగా వాడేసుకున్నారు. ఆ పైలట్‌లోని కెప్టెన్ పైక్‌ను హీరోగా పెట్టి 2022లో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' అని కొత్త సీరీసే వచ్చింది. ఓడిపోయిన ఒక్క ఎపిసోడ్ యాభై ఏళ్ల తర్వాత కూడా పిల్లలు పెట్టిందన్న మాట.

ఇక్కడ నాకు ఎదురు తగిలే ఉదాహరణ ఒకటుంది, దాచను. 'గేమ్ ఆఫ్ త్రోన్స్'కు వేల ఏళ్ల ముందు జరిగే కథ అంటూ, నయోమీ వాట్స్ ముఖ్యపాత్రలో హెచ్‌బీవో 2019లో ఒక పైలట్ తీయించింది. మూడు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని ఆ సంస్థను అప్పట్లో పర్యవేక్షించిన బాబ్ గ్రీన్‌బ్లాట్ తర్వాత చెప్పారు. ఆ అక్టోబరులో దాన్ని ఆపేశారు. ఆపేసిన వార్త వచ్చిన రోజే, పైలట్ ఊసే లేకుండా అదే లోకంలో జరిగే 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్'కు పది ఎపిసోడ్ల ఆర్డరు ప్రకటించారు. అది 2022లో వచ్చి పెద్ద హిట్టయింది. "చూశావా, పైలట్ తీసింది అటకెక్కింది, తీయనిది ఆడింది" అంటాడు తమ్ముడు.

నేను దీన్ని ఇంకోలా చూస్తాను. మూడు కోట్ల డాలర్లు మనలాంటివాళ్లకు కళ్లు తిరిగే సొమ్మే. కానీ పది ఎపిసోడ్లు తీశాక బాగాలేదని తెలుసుకుంటే ఎంతయ్యేది? అమెజాన్ తీసిన 'రింగ్స్ ఆఫ్ పవర్' మొదటి సీజన్‌కు న్యూజీలాండ్‌లో అయిన ఖర్చు 46 కోట్ల డాలర్లు దాటింది. హక్కులకు అంతకుముందే 25 కోట్ల డాలర్ల దాకా ఇచ్చారన్నది వేరే లెక్క. అలాంటి చోట మూడు కోట్లు పెట్టి "వద్దు" అని తెలుసుకోవడం నష్టం కాదు, మెతుకు ధర. పైగా ఆ పైలట్‌ను ఆపేయడం వల్ల ఎవరి మనసూ విరగలేదు. మనం చూడలేదు కాబట్టి పాత్రలతో ముడి పడలేదు. సగం కథ చూపించి ఆపేస్తే కలిగే బాధ వేరు. నెట్‌ఫ్లిక్స్ సీరీస్ '1899' ఒక్క సీజన్‌తో, అదీ కథ అప్పుడే తిరగబడిన చోట, 2023 జనవరిలో ఆగిపోయింది. ఆ ముడి ఇప్పటికీ విప్పుకోలేదు నేను.

నిర్మాతల వైపు కారణాలు లేవని అనను. ఒక డ్రాగన్ కోటకు సెట్టు వేస్తే అది ఒక గంట కోసమైనా పది గంటల కోసమైనా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. పైలట్ చూసి తేల్చుకునే నెలల్లో ఆ సెట్టు అద్దె, నటుల డేట్లు అలా నడుస్తూనే ఉంటాయి. సినిమా స్టార్లు "చూసి చెప్తాం" అంటే ఆగరు. అందుకని పైలట్ స్థానంలో కాగితాన్ని తెచ్చారు. నలుగురైదుగురు రచయితలను కొన్ని వారాలు కూర్చోబెట్టి సీజన్ మొత్తం రాయించడం, ఆ తర్వాత తీయాలో వద్దో తేల్చడం. మినీ రూమ్ అని పేరు. షూటింగ్ మొదలయ్యేనాటికి ఆ రచయితల్లో చాలామంది ఇంటికెళ్లిపోయి ఉంటారు. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఇదొకటి. రచయితల జీతాల సంగతి అలా ఉంచినా, తోబుట్టువులని తెలియని ఆ తప్పు కాగితం మీద ఎవరికీ దొరకలేదని ఇందాకే చెప్పుకున్నాం.

పైలట్ ఉంటే అన్నీ బాగుపడతాయని కూడా కాదు. 'వై: ది లాస్ట్ మ్యాన్' చూడండి. 2002లో మొదలైన కామిక్. భూమ్మీద మగ క్షీరదాలన్నీ ఒక్కసారిగా చచ్చిపోయి ఒక్క కుర్రాడు, వాడి కోతి మిగలడం కథ. మొదట సినిమాగా తీయాలని ఏళ్ల తరబడి ప్రయత్నించి వదిలేశారు. 2015లో ఎఫ్ఎక్స్ చేతికొచ్చింది. 2018లో పైలట్ తీశారు. సీరీస్ పగ్గాలు పట్టే షోరన్నర్లు మారారు. హీరో మారాడు. కరోనా వచ్చింది. చివరికి 2021 సెప్టెంబరు 13న మొదలైంది. అక్టోబరు 17న రద్దయింది. అయిదు వారాలు కూడా నిండలేదు, సీజన్ చివరి ఎపిసోడ్లు ఇంకా రానేలేదు! షూటింగ్ ఆలస్యమై నటుల ఒప్పందాల గడువు ముంచుకొచ్చింది. వాళ్లను ఇంకో సీజన్‌కు కట్టిపడేయాలా వద్దా అన్నది జనం పూర్తిగా చూడకముందే తేల్చేశారు.

పొయ్యి మీద ఆరేళ్లు, విస్తట్లో అయిదు వారాలు. ఇదే నాకు మింగుడు పడనిది. వంట ఆలస్యమైందని నేనెప్పుడూ గొణగలేదు. మంచి లోకం కట్టాలంటే టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. కానీ ఆ సమయమంతా మనకు కనిపించని చోట ఖర్చు పెట్టి, కనిపించే చోటికి వచ్చేసరికి స్టాప్‌వాచ్ తీస్తారు.

తీశాక వచ్చే గ్యాపుల సంగతి చెప్పాలంటే ఇంకో వ్యాసం అవుతుంది. ఒక్క లెక్క వేసి వదిలేస్తాను. చిట్టచివరి ముగింపు దృశ్యాలు పక్కన పెడితే 'స్ట్రేంజర్ థింగ్స్' కథలో గడిచింది 1983 నుంచి 1987 దాకా, నాలుగేళ్లు. బయట గడిచింది 2016 నుంచి 2025 దాకా, తొమ్మిదేళ్ల పైమాటే. ఇప్పుడు హెచ్‌బీవో 'హ్యారీ పాటర్'ను సీరీస్‌గా తీస్తోంది. 2025 జూలైలో షూటింగ్ మొదలైంది. పుస్తకాలు ఏడు. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య ఇప్పటి రివాజు ప్రకారం రెండేళ్లు పడితే పదకొండేళ్ల పిల్లవాడు చివరి సీజన్‌కు ఇరవై మూడేళ్లవాడవుతాడు, కథలో మాత్రం పదిహేడు. సినిమాలు ఎనిమిదింటిని పదేళ్లలో ముగించారు. సీరీస్‌వాళ్లకు ఈ లెక్క తెలియదని కాదు, తెలుసనే నమ్ముతున్నాను. అయినా టెన్షన్ నాకెందుకో.

తమ్ముడి దగ్గర ఇంకో వాదన ఉంది, అది కాస్త గట్టిదే. "ప్రకటనలు, హడావిడి లేకపోతే అభిమానులే ఉండరక్కా. అభిమానులు లేకపోతే 'ఎక్స్‌పాన్స్' బతికేదా?" అంటాడు. నిజమే. 2018 మేలో సైఫై ఛానల్ దాన్ని మూడో సీజన్‌తో ఆపేస్తే జనం చందాలు వేసుకుని, అమెజాన్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పారు. అమెజాన్ తీసుకుంది, ఇంకో మూడు సీజన్లు వచ్చాయి. దింపుడు కళ్లం దగ్గర లేచి కూర్చున్న షో అది. కానీ ఆ విమానానికి డబ్బులిచ్చినవాళ్లు ప్రకటన చూసి కాదు, మూడు సీజన్లు చూసి ఇచ్చారురా అంటాను. అక్కడితో వాడు టాపిక్ మారుస్తాడు.

మన తెలుగువాళ్లం కూడా ఈ రుచి చూశాం. 'బాహుబలి'కి ముందు కథగా శివగామి యవ్వనం మీద ఆనంద్ నీలకంఠన్ రాసిన నవలను నెట్‌ఫ్లిక్స్ సీరీస్‌గా తీస్తుందని 2018లో ప్రకటించారు. దర్శకులు దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు. కొంత షూటింగ్ జరిగాక అది ఆగిపోయింది, తెర మీదికి రానేలేదు. అప్పట్లో నా లిస్టులో దాని పక్కన మూడు నక్షత్రాల గుర్తులు పెట్టాను. అవి ఇంకా అలాగే ఉన్నాయి.

ఈమధ్య లిస్టు పద్ధతి మార్చాను. ఆప్షన్ వార్తలు రాయడం మానేశాను. కెమెరా తిరిగిందని తెలిస్తేనే రాస్తాను. దాంతో లిస్టు బాగా చిక్కిపోయింది. 'న్యూరోమాన్సర్' ఉంది. 1984 నవల, సినిమాగా తీయాలని నలుగురైదుగురు దర్శకులు చేతులు కాల్చుకున్నాక ఆపిల్ 2024లో పది ఎపిసోడ్ల ఆర్డరు ఇచ్చింది. షూటింగ్ మొదలైందని 2025 జూలై 1న, అంటే నవల వచ్చిన సరిగ్గా 41 ఏళ్లకు, చిన్న టీజర్ పెట్టారు. సైబర్‌స్పేస్ అనే మాటను జనంలోకి తెచ్చిన కథ అది. దాని తర్వాత వచ్చినవాళ్లంతా అందులోంచి ఎత్తుకెళ్లిపోయారు కాబట్టి ఇప్పుడు అసలుదే నకలులా కనిపిస్తుందేమోనని నా భయం. దాన్ని తప్పించుకోవడం ఎలాగో ఒక ఎపిసోడ్ తీసి చూసుకుని ఉంటే బాగుండేది. 'బ్లేడ్ రన్నర్ 2099' ఉంది, నటి మిషెల్ యో కోసం. 'హ్యారీ పాటర్' ఉంది. 'కింగ్‌కిల్లర్ క్రానికల్' మాత్రం తీసేశాను. షోటైమ్ 2019లోనే దాన్ని వదిలేసింది, అసలు మూడో పుస్తకమే ఇంకా రాలేదు. రెండోది వచ్చింది 2011లో. రచయితే ముగించని కథను టీవీవాళ్లు ముగిస్తారని ఎదురుచూడటం మరీ అత్యాశ.

కెమెరా తిరగని పేరు ఒక్కటీ లిస్టులో లేదని తమ్ముడికి గొప్పగా చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. స్టీఫెన్ కింగ్ నవలల 'డార్క్ టవర్' ఉంది. 2017లో సినిమాగా వచ్చి దెబ్బతింది. అమెజాన్ పైలట్ తీసి చూసుకుని 2020లో వద్దనుకుంది. నేను ఇంతసేపూ మెచ్చుకున్న పద్ధతే అది. 2022 చివర్లో దర్శకుడు మైక్ ఫ్లానగన్ ఆ హక్కులు తన దగ్గరున్నాయని చెప్పాడు. కాగితం తప్ప ఏమీ లేదు, నాకు తెలుసు. ఆయన పేరు చూడగానే వేలు దానంతట అదే లిస్టులోకి వెళ్లి, పక్కన మూడు నక్షత్రాలు పెట్టేసింది.